కంటికి కానరాని మేత

ముత్యమనగానే మనవారికి స్వాతికార్తె జ్ఞప్తికి వచ్చును. ఆ కార్తెలో కురిసిన వానచినుకు చిప్పలో పడి ముత్యమగునని పెద్దలు చెప్పగా మనమందరము వినియున్నాము. ఆ మాటలోని సొగసును నేను కాదనను. కాని చిప్పలోని ప్రాణి వానచినుకుతో కడుపు నింపుకొనదు గదా! అది ఏమి తినును? అంతకంటె ముఖ్యముగా, పొడవున ఆవగింజలో ఇరువదవ వంతు కూడ లేని దాని పసికూన ఏమి తినును? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు ఇంచుమించు 80 సంవత్సరములు పట్టినది. ఆ సమాధానముమీద నేడు ఎన్నో సముద్రతీర గ్రామముల బ్రతుకుతెరువు ఆధారపడియున్నది.

ముందుగా ఒక్కమాట. ముత్యములనిచ్చు చిప్ప వేరు, మనుష్యులు ఆహారముగా తిను ఆలిచిప్ప వేరు. ఈ రెండును వేర్వేరు కుటుంబములకు చెందినవి. అయినను వాని బాల్యదశ ఇంచుమించు ఒక్కతీరుననే నడచును. తినెడి ఆలిచిప్ప ఉప్పునీరును మంచినీరును కలియు చోట్ల, రాళ్లకును, కొయ్యలకును, తమ పూర్వుల చిప్పలకును అంటుకొని గుంపులుగా జీవించును. నా చిన్నతనమున ఉప్పుటేటి గట్టున ఇట్టి గుల్లలను కుప్పలుగా పోసి, కాల్చి, సున్నము చేయుట చూచితిని. ఆ గుల్లసున్నముతో వెల్లవేసిన గోడ పాలవలె తెల్లగా మెరయుచుండెడిది. ఆ చిప్పలను సున్నముగా మార్చుట వలన పుట్టబోవు ఆలిచిప్పల ఇండ్లనే మనము కాల్చివేయుచున్నామని ఆనాడు ఎవరికిని తోచలేదు.

ఇట్టి పొరపాటే మరింత పెద్దయెత్తున అమెరికా తూర్పుతీరమున జరిగినది. అచ్చట చెసపీకు అను గొప్ప అఖాతమున్నది. 1884 ప్రాంతమున ఒక్క మేరీలాండు రాష్ట్రమువారే ఆ అఖాతమునుండి ఏటికి సుమారు 1 కోటి 50 లక్షల బుషెళ్ల ఆలిచిప్పలను తీసిరి. బుషెలనగా పెద్ద గంపెడు అనుకొనుడు. ఇనుప పండ్లుగల వలలతో అడుగును గోకి తీసిరి. తీసిన చిప్పలను తిరిగి నీటిలో వేయక బాటలకును సున్నమునకును వాడిరి. తరువాత పొలములనుండి కొట్టుకొని వచ్చిన ఒండ్రు అడుగున పేరుకొన్నది. 1950వ దశాబ్దము నాటికి రెండు రోగములు కూడ తోడైనవి. పూర్వమున్న ఆలిచిప్పలలో నేడు నూటికి ఒకటి రెండు వంతులకు మించి మిగిలియుండలేదని శాస్త్రజ్ఞుల అంచనా.

పోయినది బెస్తవారి జీవనము మాత్రమే కాదు. ఎదిగిన ఆలిచిప్ప తన మొప్పలగుండ నీటిని లోనికి లాగి, అందలి సూక్ష్మమైన నాచును తిని, తేటనీటిని వెలుపలికి వదలును. అనుకూలమైన సమయమున ఒక్క చిప్ప దినమునకు 190 లీటర్లవరకు నీటిని వడపోయగలదందురు. అట్టివి కోట్లకొలది మాయమగుటచే నాచును తినువారు లేకపోయిరి. తినువారు లేని నాచు విపరీతముగా పెరిగి, చచ్చి, అడుగున క్రుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించెను. చేపలును పీతలును ఊపిరాడక చచ్చినవి. ఆలిచిప్పలను మరల పెంచవలెను. కాని తల్లులే కరవైన చోట పిల్లలు ఎక్కడినుండి రావలెను? మనుష్యుడే గ్రుడ్లను పొదిగించి, పసికూనలకు మేతపెట్టి సాకవలసివచ్చినది.

ఈ ప్రయత్నమునకు మొదట పూనుకొన్నవాడు విలియం కీత్ బ్రూక్సు అను ఆచార్యుడు. ఇతడు జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము బోధించువాడు. ఐరోపాలోని ఆలిచిప్ప తన పిల్లలను కొంతకాలము కడుపులోనే దాచుకొనును. అమెరికా ఆలిచిప్పయు అట్లే చేయునని అప్పుడందరు నమ్మియుండిరి. బ్రూక్సు 1879లో క్రిస్‌ఫీల్డు అను రేవుపట్టణమున పరిశోధించి, అమెరికా జాతి గ్రుడ్లను నేరుగా నీటిలోనికే వదలునని, ఫలదీకరణము తల్లి దేహమునకు వెలుపలనే జరుగునని నిరూపించెను. గాజుపాత్రలో గ్రుడ్లను ఫలదీకరింపజేసి పిల్లలు ఈదుట కన్నులార చూచెను. కాని కొద్దిదినములలోనే అవి యన్నియు చచ్చిపోయెను. ఎన్నిమారులు చేసినను ఫలితమొక్కటే.

చిక్కులు రెండు. పాత్రలోని నీరు చెడిపోవును, మార్చవలెను. మార్చబోయిన నీటితోబాటు పిల్లలును పోవును. ఇది మొదటిది. వానికి ఏమి మేత పెట్టవలెనో తెలియదు. ఇది రెండవది.

మొదటి చిక్కును విప్పిన కథ వినోదకరమైనది. న్యూయార్కు రాష్ట్రమున విలియం ఫర్త్ వెల్సు అను పరిశోధకుడు 1920లో పాలనుండి మీగడను వేరుచేయు యంత్రమును తెచ్చి, అందులో ఆలిచిప్ప పిల్లలున్న నీటిని పోసి త్రిప్పెను. బరువుగల పిల్లలు ఒకవైపునకు, నీరు ఒకవైపునకు చేరెను. పాలయంత్రము సముద్రప్రాణిని రక్షించినది! ఈ వెల్సే తరువాతి కాలమున తుమ్ములలోను దగ్గులలోను వెలువడు తుంపరలద్వారా రోగములు గాలిలో వ్యాపించు తీరును పరిశోధించి ప్రసిద్ధుడయ్యెను. అది వేరొక కథ. పిమ్మట సన్ననికన్నుల జల్లెడలు వచ్చిన మీదట యంత్రముతో పనిలేకపోయినది.

రెండవ చిక్కు అంత తేలికగా విడలేదు. వెల్సుతో పనిచేసిన గ్లాన్సీ అనునతడు సముద్రపునీటిని అదే యంత్రములో త్రిప్పి, అందలి పెద్ద పెద్ద జీవులను తొలగించి, మిగిలిన నీటిని అద్దపుటింటిలో ఎండలో నుంచెడివాడు. అందలి మిక్కిలి చిన్న నాచుకణములు ఒకటి రెండు దినములలో వృద్ధిపొంది నీటికి రంగు వచ్చెడిది. ఆ నీటినే మేతగా పోసెడివాడు. ఒకనాడు మంచి జాతి మొలచెడిది, మరొకనాడు చెడ్డది. మొలచినది మంచిదైన పిల్లలు బ్రతికెడివి, కానియెడల చచ్చెడివి. ఇది వానకై ఆకాశమువంక చూచి విత్తు వ్యవసాయము వంటిది.

ఆ మేతలో ఏ మొక్క మంచిది? ఇంగ్లండుకును ఐర్లండుకును నడుమ మాన్ అను ద్వీపమున్నది. అచ్చటి పోర్ట్ ఎరిన్ గ్రామములోని సముద్రజీవశాస్త్ర కేంద్రమున బ్రూసు, నైటు, మేరీ పార్కు అను మువ్వురు 1930వ దశాబ్దపు చివర ఈ ప్రశ్నను చేపట్టిరి. మేరీ పార్కు అను విదుషి నీటిలోని ఒక్కొక్క జాతి సూక్ష్మశైవలమును వేరుపరచి, మరి యే యితర జాతియు కలియకుండ పెంచుటలో అందెవేసిన చేయి. ఆమె ఒక చేపలకొలను నీటినుండి బంగారు వన్నెగల చిన్న కణమునొకదానిని వేరుచేసెను. దానిని మేతగా పెట్టగా ఆలిచిప్ప పిల్లలు చక్కగా పెరిగెను. వారు తమ ఫలితములను 1940లో ప్రకటించిరి. ఆ కణమునకు 1949లో ఆమెయే ఐసోక్రైసిస్ గల్బానా అని పేరిడెను. ఆనాడు ఆమె వేరుచేసిన కణముల వంశము శైవల భాండాగారములలో నేటికిని సజీవముగా నున్నది. ప్రపంచమందలి అనేక కేంద్రములకు అది పంపబడినది.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున మిల్ఫర్డు పట్టణములోని ప్రభుత్వ ప్రయోగశాలయందు విక్టర్ లూసనాఫ్, హారీ డేవిస్ అను శాస్త్రజ్ఞులు ఈ పనిని ఒక కొలిక్కి తెచ్చిరి. ఆలిచిప్పలు వేసవిలో మాత్రమే గ్రుడ్లు పెట్టును. లూసనాఫ్ వానిని శీతకాలమున గోరువెచ్చని నీటిలో కొన్ని వారములుంచి, పిమ్మట నీటివేడిని ఇంచుక పెంచి, మంచు కురియుచుండగనే గ్రుడ్లు పెట్టించెను. దీనిచే ఏడాది పొడవునను పరిశోధించుటకు పిల్లలు లభించినవి. మొదట వారు క్లోరెల్లా అను ఆకుపచ్చని శైవలమును మేతగా వాడి చూచిరి. అది సులభముగా పెరుగును, చూపునకు పచ్చగా నిండుగా నుండును. కాని పుట్టిన క్రొత్తలో పిల్లలు దానిని మ్రింగియు పెరుగలేదు. కారణమేమనగా, క్లోరెల్లా కణము చుట్టును గట్టి గోడ కలదు. లేత కడుపు దానిని అరిగించుకొనలేదు. గోడ లేని, కొరడావంటి సన్నని తోకలతో ఈదు కశాభజీవులైనచో వెంటనే అరుగును. 1958లో డేవిస్, రాబర్టు గిలార్డు అను వారిరువురు 10 ప్రజాతుల సూక్ష్మజీవులను మేతగా పోల్చి చూచి ఫలితములను ప్రకటించిరి. పార్కు కనుగొన్న ఐసోక్రైసిస్సును, దాని చుట్టమువంటి మోనోక్రైసిస్సును శ్రేష్ఠములని తేలినవి. ఈ రెండవదానిని నేడు పావ్లోవా అని పిలుచుచున్నారు. అనగా బ్రూక్సు ప్రశ్నకు జవాబు దొరకుసరికి 79 ఏండ్లు గడచినవి.

ఇక ఆ పసికూన ఎట్లు పెరుగునో, ఏ వయస్సున ఏది తినునో చూతము.

మిల్లీమీటరులో వేయవ భాగమును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఆలిచిప్ప గ్రుడ్డు సుమారు 50 మైక్రానులు. ఒక్క తల్లి ఒకమారు లక్షలకొలది, ఒక్కొక్కప్పుడు కోట్లకొలది గ్రుడ్లను వదలును. ఫలదీకరించిన గ్రుడ్డు కొన్ని గంటలలో ఈదు డింభకమగును. ఒకటి రెండు దినములలో దానికి అర్ధచంద్రాకారము గల రెండు పారదర్శకమైన చిప్పలేర్పడును. అప్పుడు దాని పొడవు 70 లేక 75 మైక్రానులు. అంతవరకు అది గ్రుడ్డులో తల్లి దాచియుంచిన క్రొవ్వుతో బ్రతుకును. అందుచేతనే గ్రుడ్లు పెట్టబోవు తల్లులకు కొన్ని వారముల ముందునుండి ఇదే నాచును కడుపునిండ పెట్టుదురు. తల్లి పస్తున్నచో గ్రుడ్డున సత్తువ యుండదు.

చిప్ప ఏర్పడిన తోడనే డింభకము మేతకొరకు తెరలాడు అంచుగల ఒక రెక్కను వెలుపలికి చాచును. ఆ రెక్క అంచున సన్నని శైలికలు బారులుతీరి కొట్టుకొనుచుండును. అదియే దాని తెడ్డు, అదియే దాని చేయి. ఈదుచునే నీటిలోని కణములను పట్టి నోటికి చేర్చుకొనును. కడుపులో జిగురువంటి చిన్న కడ్డీ యొకటి గిరగిర తిరుగుచు, తిరుగలి పిండిని విసరినట్లు, మేతను నలిపి జీర్ణరసములను వదలును. దేహము అద్దమువలె నుండుటచే సూక్ష్మదర్శినిలో చూచిన ఇదంతయు కనబడును. కడుపు బంగారువన్నెగా నున్నచో బిడ్డ తిన్నది. తెల్లగా నున్నచో పస్తున్నది. పసివాని పొట్ట తడిమి ఆకలి తెలిసికొను తల్లికిని, ఈ పనివానికిని భేదము లేదు.

మనయిండ్లలో పసిబిడ్డకు మొదట పాలు, పిమ్మట ఉగ్గు, ఆరవ నెల దాటిన పిదప మెత్తని అన్నము, ఆ తరువాత గోరుముద్దలు పెట్టుదుము. ఒకేసారి కందిపచ్చడి పెట్టుదుమా? ఇచ్చటను అదే క్రమము. మొదటి దినములలో నోరు మిక్కిలి చిన్నది. అందుచేత 5 మైక్రానుల ప్రాంతముననుండు ఐసోక్రైసిస్, పావ్లోవా, చిన్నజాతి కీటోసెరస్ అను వానిని పెట్టుదురు. డింభకము 120 మైక్రానులు దాటిన పిమ్మట, 10 మైక్రానులకు మించిన టెట్రాసెల్మిస్ అను ఆకుపచ్చని శైవలమును కొలదిగా కలుపుదురు. ఇదియే దాని గోరుముద్ద.

ఒక్కటే జాతిని పెట్టుటకంటె రెండు మూడింటిని కలిపి పెట్టుట మేలని అనుభవమున తేలినది. కారణము తరువాత తెలిసినది. ప్రాణి ఎదుగుదలకు అవసరమైన కొన్ని క్రొవ్వు ఆమ్లములను ఆలిచిప్ప తగినంతగా తయారు చేసికొనజాలదు, మేతనుండియే పొందవలెను. వానిలో డి.హెచ్.ఏ. అనునది ఐసోక్రైసిస్‌లో మెండు, ఇ.పి.ఏ. అనునది కీటోసెరస్‌లో మెండు. డునాలియెల్లా అను శైవలములో ఈ రెండును లేవనియే చెప్పవచ్చును. అది మాత్రమే తిన్న డింభకము కడుపు నిండియు ఎదుగదు. పప్పు లేని అన్నము ఎంత తిన్నను బిడ్డకు కండ పట్టదు గదా.

ఈ మేతను పెంచుట స్వయముగా ఒక సేద్యము. చిన్న గాజుగొట్టములో శుద్ధమైన విత్తనము నుంచుదురు. వడపోసి క్రిములు లేకుండ చేసిన సముద్రపునీటికి నైట్రేటు, ఫాస్ఫేటు, ఇనుము మొదలగు లోహములను, బి1, బి12, బయోటిన్ అను విటమినులను చేర్చుదురు. కీటోసెరస్ డయాటముల జాతికి చెందినది. వాని కవచము గాజువంటి సిలికాతో నిర్మితము. కనుక వానికి సిలికేటు కూడ వలయును. ఇప్పుడు చాలచోట్ల వాడుచున్న ఎరువు గిలార్డు కూర్చినదే. దానిపేరు 'ఎఫ్ బై 2'. ఎఫ్ అను మొదటి వంటకమును సగమునకు పలుచన చేసినదని దాని అర్థము. అంతకుమించిన రహస్యమేమియు లేదు. దీపముల వెలుతురులో, గాలితోబాటు కొంచెము బొగ్గుపులుసు వాయువును బుడగలుగా పంపుచు పెంచుదురు. గొట్టమునుండి చిన్న కుప్పెకు, కుప్పెనుండి 20 లీటర్ల సీసాకు, దానినుండి వందలకొలది లీటర్ల నిలువు తొట్టెకు క్రమముగా నాటుదురు. నారుమడినుండి పొలమునకు మార్చినట్లే. కణములు వేగముగా రెట్టింపగుచున్న దశలోనే కోతకోయవలెను. ముదిరి పెరుగుదల నిలిచిన నాచులో పోషణ తగ్గును. గాలిలోనో నీటిలోనో ఒక్క శైలికాజీవి జొరబడినచో చాలును, రెండు మూడు దినములలో తొట్టెలోని పంటనంతయు తినివేయును. అందుచేత ఆ గదిలోనికి పోవువారు చేతులు కడిగికొని, పాదరక్షలు మార్చుకొని పోవుదురు. మా తరములో వంటింటి మడికి ఎంత కట్టుబాటు ఉండెడిదో, ఇచ్చట అంతకంటె నెక్కువ.

ఇప్పుడు చిన్న లెక్క. 1,000 లీటర్ల తొట్టెలో మిల్లీలీటరునకు 5 చొప్పున డింభకములున్నవి. లీటరునకు 1,000 మిల్లీలీటర్లు గనుక అవి 50 లక్షలు. మిల్లీలీటరు నీటిలో 50,000 నాచుకణములుండవలెనన్నచో మొత్తము 5,000 కోట్ల కణములు కావలెను. వినుటకు భయము గొలుపు సంఖ్య! కాని బాగుగా పెరిగిన వర్ధనమున ఒక్క మిల్లీలీటరులో 50 లక్షల కణములుండును. భాగించి చూడుడు: 10,000 మిల్లీలీటర్లు, అనగా 10 లీటర్లు చాలును. పసితనమున మిల్లీలీటరునకు 20 లేక 30 వేల కణములతో ప్రారంభించి, వయస్సుతోబాటు పెంచుచు, చివర 1 లక్ష వరకు ఇచ్చెదరు. ఒక్క తొట్టెకు 10, 20 లీటర్లు చాలునని తేలికగా చూడరాదు. తొట్టెలనేకము, మూడు వారములు ప్రతిదినము వేయవలెను, ఒక్కదినమైనను తప్పరాదు. ఆలిచిప్ప విత్తనమునకగు ఖర్చులో మూడవవంతుకు దగ్గరగా ఈ మేతకే అగునని లెక్క వేసిరి.

మేత ఎక్కువ వేసినచో త్వరగా పెరుగవా యని మీరడుగవచ్చును. పెరుగవు. మితిమీరిన కణములు రెక్కకు అడ్డుపడును. తినక మిగిలినవి అడుగున క్రుళ్లి బాక్టీరియా పెరుగును. ఒక్క రాత్రిలో తొట్టెయంతయు పోవచ్చును. అందుచేత పనివారు ఉదయమే తొట్టెలోని చుక్కనీటిని సూక్ష్మదర్శినిలో గళ్లుగీసిన గాజుపలకపై నుంచి, నిన్న వేసిన కణములలో ఎన్ని మిగిలినవో లెక్కించి, నేటి మేతను నిర్ణయింతురు.

రెండు దినముల కొకమారు తొట్టెనీటిని జల్లెడలద్వారా వదలి డింభకములను పట్టి, కడిగి, క్రొత్తనీటిలోనికి మార్చుదురు. జల్లెడలు ఒకదానికంటె ఒకటి పెద్దకన్నులు గలవి. పెద్దకన్నుల జల్లెడపై నిలిచినవి బాగుగా పెరిగినవి, వానిని ఉంచుదురు. క్రిందికి జారినవి వెనుకబడినవి. వానిని చాలచోట్ల పారవేయుదురు. మెల్లగా పెరుగువాని వలన మేత వ్యర్థమనియు, రోగములు వచ్చుననియు వారి వాదన. వ్యాపారమున అది సరియే కావచ్చును. ముప్పది యేండ్లకు పైగా వెనుకబెంచీ పిల్లలకు పాఠము చెప్పిన నాకు మాత్రము ఈ జల్లెడ రుచింపలేదు.

మేత యెంత చక్కనిదైనను నీరు సహకరింపవలెను. ఇందుకు ఒక సంఘటనను చెప్పెదను. అమెరికా పడమటితీరమున ఓరెగాన్ రాష్ట్రములో నెటార్ట్సు అను కయ్య ఒడ్డున ఒక పెద్ద హేచరీ ఉన్నది. పసిఫిక్ ఆలిచిప్ప పిల్లలను అచ్చట పుట్టించి పెంపకపుదారులకు అమ్ముదురు. 2007 మొదలుకొని డింభకములు కోట్లకొలది చచ్చుట ప్రారంభమైనది. మేత మంచిదే, పనివారు అనుభవశాలులే. మొదట బాక్టీరియాను అనుమానించి నీటిని శుద్ధిచేయు యంత్రములను తెచ్చిరి, చావులాగలేదు. తుదకు తెలిసిన దేమనగా, గాలులు వీచినప్పుడు సముద్రపు అడుగునుండి బొగ్గుపులుసు వాయువు అధికముగాగల చల్లనినీరు పైకి వచ్చుచున్నది. గాలిలో ఆ వాయువు పెరుగుచున్నకొలది సముద్రజలమున ఆమ్లగుణము హెచ్చుచున్నది. అట్టి నీటిలో డింభకము తన మొదటి చిప్పను కట్టుకొనలేదు. మేత మొదలుపెట్టుటకు ముందే గ్రుడ్డులోని క్రొవ్వంతయు ఆ చిప్పకట్టు శ్రమలోనే ఖర్చయిపోవుచున్నది. ఇందుకు వారు కనుగొనిన ఉపాయము, నీటికి సోడియం కార్బొనేటు, అనగా మన చాకలిసోడా వంటి క్షారమును కొలతప్రకారము కలుపుట! డింభకములు మరల బ్రతుకసాగినవి. హేచరీ తొట్టెలో సోడా కలుపవచ్చును; సముద్రములో ఎవరు కలుపగలరు?

రెండు మూడు వారములకు డింభకము 300 మైక్రానుల పొడవునకు వచ్చును. దేహమున నల్లని కంటిచుక్క యొకటి కనబడును. నేలను తడవి చూచుటకు నాలుకవంటి పాదము మొలచును. ఇక ఈదుట చాలించి, కాపురముండుటకు గట్టిచోటు వెదకుచున్నదని గుర్తు. ఈ స్థితిలో వానిని వడకట్టి తడిగుడ్డలో మూటగట్టి చల్లగా నుంచినచో దూరప్రయాణమును కూడ ఓర్చుకొనును. నిమ్మకాయంత ముద్దలో 10 లక్షలవరకు డింభకములు ఇముడును. చేరినచోట పాతచిప్పలను నింపిన తొట్టెలో వానిని వదలినచో, నచ్చిన చిప్పను ఎన్నుకొని, ఎడమచిప్పవైపు సున్నపుజిగురు పూసికొని అంటుకొనును. ఈతరెక్క మాయమగును, మొప్పలు పెరుగును. ఒకమారు అంటుకొన్న పిమ్మట బ్రతికినంతకాలము అచ్చటనే.

చెసపీకు అఖాతమును మరల బాగుచేయు పనిలో మేరీలాండు విశ్వవిద్యాలయపు హార్న్ పాయింటు హేచరీ ఇట్లు చిప్పల కంటించిన పిల్లలను వందలకోట్ల సంఖ్యలో తయారుచేసినది. హారిస్ క్రీక్ అను ఒక్క పాయలోనే 2015 నాటికి సుమారు 350 ఎకరముల అడుగున 200 కోట్లకు పైగా పిల్లలను వేసిరి. అందులో బ్రతికి పెద్దవైనవి నేడు గుంపులుగా పెరిగి, తామే గ్రుడ్లు పెట్టుచున్నవి. వాని పిల్లలకు ఎవరును మేత పోయనక్కరలేదు. పాయలోని నాచే చాలును.

మనదేశమున ఈ విద్యకు తూత్తుకుడి కేంద్రమైనది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు 1973లో అచ్చట ముత్యపుచిప్పలయందు ముత్యములను పెంచుటలో కృతార్థులైరి. కాని చిప్పలకొరకు సముద్రపు అడుగున మునుగవలసియుండెను. దొరకిన యేడు దొరకును, లేనియేడు లేవు. 1981లో వారు ముత్యపుచిప్ప గ్రుడ్లను పొదిగించి పిల్లలను చిప్పకంటు దశవరకు పెంచగలిగిరి. వానికి పెట్టిన మేత ఏదో ఊహింపగలరా? మాన్ ద్వీపపు కొలనులో మేరీ పార్కునకు కనబడిన ఆ ఐసోక్రైసిస్ జాతియే. పిమ్మట మన తూర్పుతీరపు ఉప్పుటేళ్లలో పెరుగు ఆలిచిప్పకును ఇదే పద్ధతి వర్తించినది.

ఆంధ్రదేశపు తీరమున ఆలిచిప్పలకంటె రొయ్యపిల్లల హేచరీలు మెండు. భీమునిపట్టణము వైపునను, కాకినాడకు ఎగువ తీరముననువాని తొట్టెలు వరుసలుగా కనబడును. గ్రుడ్డునుండి వెలువడిన రొయ్యపిల్లకు మొదటి మేత కూడ కీటోసెరస్ వంటి డయాటములే. ఆ కేంద్రములలో చల్లని గదియొకటి యుండును. తెల్లని దీపముల ముందు అరలమీద గాజుకుప్పెలు బారులుగా నిలిచి, వానిలో బుడగలు లేచుచుండును. మీకెన్నడైనను అట్టి గదిలో అడుగిడు అవకాశము కలిగినచో, ఆ కుప్పెలలోని గోధుమవన్నె నీటిని చూచి మురికినీరని తలంపకుడు.